రెండు పాత బండ్లు, ఒక తోడల్లుడు

జర్మనీలో స్టుట్‌గార్ట్ పక్కనున్న జిండెల్‌ఫింగెన్ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టవద్దన్నారు. ఆయన చెప్పిన సంగతులు క్లుప్తంగా ఇవి.

వయసు 43. సొంత ఊరు కాకినాడ దగ్గర. చాలా ఏళ్లుగా జర్మనీలోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భార్య కూడా ఉద్యోగం చేస్తున్నారు. పదకొండేళ్ల పాప. మియాపూర్‌లో కొన్న ఫ్లాట్‌కి ఇంకో ఆరేళ్లు ఈఎంఐ కట్టాలి. రోజువారీ అవసరాలకు ఒక కారు ఉంది. అది కాక, విడిగా దాచుకున్న 50 వేల యూరోలతో 1990ల నాటి స్పోర్ట్స్ సెడాన్ ఒకటి కొనాలని ఆయన కోరిక. వెతగ్గా వెతగ్గా రెండు తేలాయి.

మొదటిది 1992 నాటి మెర్సిడెస్ 500ఈ. 1,90,000 కిలోమీటర్లు తిరిగింది. ఇద్దరే ఓనర్లు, సర్వీస్ కాగితాలన్నీ ఉన్నాయి. వెనక చక్రం పైన చిన్న తుప్పు పొక్కు కనిపించింది. ఇంజిన్ వైరింగ్ మార్పించానని ఓనర్ అంటున్నాడు కానీ బిల్లు చూపించలేదు. ధర 46 వేలు. రెండోది 1993 నాటి బీఎండబ్ల్యూ ఎం5, 3.8 లీటర్ల ఇంజిన్. 1,30,000 కిలోమీటర్లు. డీలర్ దగ్గరుంది. కొత్తగా పెయింట్ వేశారు, తళతళలాడుతోంది. మధ్యలో తొమ్మిదేళ్ల కాగితాలు లేవు. 49 వేలు అడుగుతున్నారు.

మ్యూనిక్‌లో ఉండే తోడల్లుడు, అంటే వాళ్లావిడ అక్క భర్త, "ఎం5 అయితే సగం డబ్బు నేను పెడతాను, ఆర్నెల్లు నీ దగ్గర, ఆర్నెల్లు నా దగ్గర" అన్నారట. మెర్సిడెస్ అయితే పైసా పెట్టరట. ఆటోమేటిక్ బండి బండే కాదని ఆయన వాదన.

ఇంట్లో మన పాఠకుడు "ఇది ఖర్చు కాదు, ఇన్వెస్ట్‌మెంట్" అని చెప్పారు. భార్య మూడు ప్రశ్నలు వేశారు. ఎప్పుడు అమ్ముతావు? ఎంతకి అమ్ముతావు? ఈలోగా దాని మీద ఎంత పెడతావు? ఒక్కదానికీ ఈయన దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి ఇంట్లో ఆ మాట ఎత్తితే టెన్షన్. నాలుగేళ్లలో హైదరాబాద్ తిరిగి వచ్చేసే ఆలోచన కూడా ఉంది, అప్పుడు బండిని వెంట తెచ్చుకోవచ్చా అని అడుగుతున్నారు. డీలర్ ఈ ఆదివారం లోపల తేల్చమన్నాడట. "రెండింటిలో ఏది కొనాలో చెప్పండి" అని ఉత్తరం ముగించారు.

సమాధానం:

మీ ఉత్తరంలో మూడు పేజీలు బండ్ల గురించి, ఒక పేజీ ఇంటి గురించి ఉంది. నేనూ బండ్లతోనే మొదలుపెడతాను. ఆ రెండింటి స్వభావం తెలిస్తే ఇంట్లో వచ్చిన చిక్కు కూడా కొంత విడుతుంది.

కాగితం మీద చూస్తే ఈ రెండూ కవలల్లా ఉంటాయి. మీ 500ఈలో 5 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్, 326 హార్స్‌పవర్. ఎం5లో 3.8 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, 340 హార్స్‌పవర్. సున్నా నుంచి వందకి రెండూ ఆరు సెకన్లకు అటూ ఇటూగా వెళ్తాయి. రెండింటినీ గంటకు 250 కిలోమీటర్ల దగ్గర ఆపేలా కంపెనీవాళ్లే కట్టేశారు. రెండిటికీ నాలుగు తలుపులు, పెద్ద డిక్కీ. పక్క లేన్‌లో వెళ్తుంటే మామూలు ఆఫీసు కార్లనుకుంటారు. అసలు తేడా ఆ శక్తి చేతికి అందే తీరులో ఉంది.

500ఈ టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 480 న్యూటన్ మీటర్లు, అదీ 3,900 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గరే. కాలు కొంచెం ఆనిస్తే చాలు, శబ్దం పెద్దగా పెరగకుండానే బండి ముందుకు వెళ్లిపోతుంది. గేర్‌బాక్స్ నాలుగు గేర్ల ఆటోమేటిక్ మాత్రమే, మాన్యువల్ అసలు ఇవ్వలేదు. ఎం5 అలా కాదు. టార్క్ 400, అది పూర్తిగా అందాలంటే 4,750 దాకా తిప్పాలి, గరిష్ఠ శక్తి 6,900 దగ్గర. ఆరు సిలిండర్లకు ఆరు విడివిడి థ్రాటిల్స్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే కవాటాలు). 1978 నాటి ఎం1 స్పోర్ట్స్ కారు ఇంజిన్ వంశంలో ఇది చివరి తరం. దీనికి ఆటోమేటిక్ ఎన్నడూ ఇవ్వలేదు. ఊళ్లో నెమ్మదిగా తిరిగితే మామూలు బండిలా అనిపిస్తుంది, పైకి తిప్పితే పూర్తిగా వేరే బండి. కాబట్టి మీ తోడల్లుడు గారి మాటలో నిజం లేకపోలేదు. కానీ అది ఆయన డ్రైవింగ్‌కి సంబంధించిన నిజం. మీరు ఎలా నడుపుతారో మీ ఉత్తరంలో ఒక్క వాక్యం కూడా లేదు. ఆదివారం పొద్దున్నే ఒక్కరే బ్లాక్ ఫారెస్ట్ మలుపుల్లోకి వెళ్తారా, లేక ఇంటిల్లిపాదీ ఎక్కి ఆటోబాన్ మీద ఆస్ట్రియా దాకా పోతారా? మొదటిదైతే ఎం5, రెండోదైతే 500ఈ. ఇందులో నాకు పెద్దగా సందేహం లేదు.

ఇంకో చిన్న విషయం. 500ఈ వెనక సాధారణంగా రెండు విడి సీట్లే ఉంటాయి, మొత్తం నలుగురే కూర్చోగలరు. ఎండాకాలంలో కాకినాడ నుంచి అమ్మానాన్నలు వస్తారని రాశారు. మీరు ముగ్గురు, వాళ్లిద్దరు. లెక్క మీరే వేసుకోండి. ఎం5లో చాలావాటికి వెనక మామూలు బెంచి సీటే ఉంటుంది, ఐదుగురు పడతారు. మీరు చూసిన బండిలో ఏది ఉందో ఒకసారి చూడండి.

మీరు జిండెల్‌ఫింగెన్‌లో ఉన్నారు కాబట్టి 500ఈ పుట్టుక గురించి తెలిసే ఉంటుంది, అయినా చెప్పకుండా ఉండలేకపోతున్నాను. 1990 పారిస్ షోలో చూపించిన ఈ బండిని మెర్సిడెస్ ఒక్కటే తయారు చేయలేదు. డిజైన్ పనిలో పోర్షేని కలుపుకున్నారు. వీ8 కోసం, వెడల్పాటి చక్రాల కోసం ఫెండర్లు (చక్రాల పైని రేకులు) ఉబ్బించాల్సి వచ్చింది, బాడీ పనిని పోర్షేకి అప్పగించారు. జిండెల్‌ఫింగెన్ నుంచి విడిభాగాలు పోర్షే ఫ్యాక్టరీ ఉన్న త్సుఫెన్‌హౌసెన్ వెళ్లేవి, అక్కడ బాడీ తయారై పెయింట్ కోసం మళ్లీ జిండెల్‌ఫింగెన్ వచ్చేది, ఇంజిన్ బిగించడానికి మళ్లీ త్సుఫెన్‌హౌసెన్, చివరి తనిఖీకి మళ్లీ మీ ఊరు. ఒక్కో బండికి 18 రోజులు పట్టేదంటారు. అప్పట్లో పోర్షే ఆర్థికంగా బాగా ఇబ్బందుల్లో ఉంది, ఈ పని దానికి పెద్ద ఆసరా అయింది. 1995 దాకా తయారైనవి మొత్తం 10,479. ఎం5కి కూడా ఇలాంటి కథే ఉంది. మ్యూనిక్ పక్కన గార్షింగ్‌లో చేత్తో బిగించారు, 1988 నుంచి 1995 దాకా టూరింగ్ అనే ఎస్టేట్ మోడల్‌తో కలిపి 12 వేల పైచిలుకు. అంటే మీ ఊరి బండి మీకు, వాళ్ల ఊరి బండి ఆయనకి నచ్చింది. మీ ఇద్దరి వాదనలో కొంత ఊరి అభిమానం కూడా ఉందని నా అనుమానం.

సంఖ్యలు చూస్తే రెండూ అరుదైనవే, కానీ మరీ దొరకనివి కావు. ఈ లెక్కలో ఒకదానికి రెండోదానికంటే పెద్ద విలువ రాదు. 3.8 ఎం5కి ఒక్క సంగతి కలిసొచ్చింది. ఆ ఇంజిన్ బండిని అమెరికాలో అమ్మలేదు. అక్కడ 25 ఏళ్లు దాటిన బండ్లను తెచ్చుకోవడానికి అడ్డంకులు తొలగిపోతాయి కాబట్టి అప్పటి నుంచి అటువైపు కొనుగోలుదారులు వస్తున్నారు. ఇది మంచిదే, కానీ దీన్ని నమ్ముకుని 49 వేలు పెట్టమని నేను చెప్పను.

ఇప్పుడు మీరు చూసిన ఆ రెండు బండ్ల సంగతి. మోడళ్ల పోలిక కంటే ఇదే ముఖ్యం. ముప్పై ఏళ్ల బండిలో మీరు కొనేది దాని గత ముప్పై ఏళ్లనే.

500ఈలో ఇంజిన్ గురించి భయం అక్కర్లేదు. నూనె సక్రమంగా మారిస్తే 1,90,000 కిలోమీటర్లు ఆ వీ8కి పెద్ద విషయం కాదు. చల్లగా స్టార్ట్ చేసినప్పుడు పైనుంచి టిక్ టిక్ శబ్దం వచ్చి, కాసేపటికి ఆగితే కంగారుపడకండి, వేడెక్కాక కూడా ఆగకపోతే అడగండి. అసలు సమస్య వైరింగ్. 1990ల మొదట్లో మెర్సిడెస్ వాడిన ఇంజిన్ వైర్ల పైపూత వేడికి ఎండి పొడిపొడిగా రాలిపోతుంది. రాలాక షార్ట్ అయ్యి కంప్యూటర్ బాక్సుల్ని కూడా లాక్కుపోతుంది. ఇంజిన్ మీది థ్రాటిల్ మోటారు లోపలి వైర్లదీ అదే కథ. ఓనర్ "మార్పించాను" అన్నాడు, బిల్లు లేదు. సర్వీస్ కాగితాలన్నీ దాచిన మనిషి ఆ ఒక్క బిల్లు పోగొట్టుకున్నాడంటే నాకు నమ్మకం కుదరడం లేదు. నిజంగా పోయి ఉండవచ్చు కూడా. కానీ దీనికి మాటలతో పనిలేదు. కొత్త హార్నెస్ (వైర్ల కట్ట) మీద తేదీ ఉన్న లేబుల్ ఉంటుంది, చూపించమనండి. లేకపోతే మెకానిక్ ఒక కనెక్టర్ దగ్గర రబ్బరు తొడుగు కొంచెం వెనక్కి జరిపి చూస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. పాతదే అయితే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడిగే హక్కు మీకుంది.

వెనక చక్రం పైన పొక్కు విషయం అంత తేలిగ్గా తీసుకోకండి. ఈ బండి ఫెండర్లు ఆ తరం మామూలు మెర్సిడెస్ (డబ్ల్యూ124)వి కావు, 500ఈ కోసం విడిగా చేసినవి. దొరకడం కష్టం, దొరికినా ఖరీదు ఎక్కువ. పైకి పొక్కు గోరంత ఉంటే లోపల అరచేయంత ఉండవచ్చు. పక్కన తలుపుల కింద ఉండే ప్లాస్టిక్ ప్యానెళ్లు తీయించి, జాకీ పెట్టే చోట్లు కూడా చూడాలి. వాటి వెనక ఏముందో బయటికి అసలు కనిపించదు. వెనక సస్పెన్షన్ హైడ్రాలిక్, బరువు పెరిగితే తనే ఎత్తు సర్దుకుంటుంది. గతుకుల మీద వెనక భాగం గట్టిగా ఎగురుతుంటే ఆ గుండ్రని గ్యాస్ డబ్బాలు అయిపోయాయని అర్థం. అవి మార్చడం పెద్ద పని కాదు. ఏసీ చల్లగా రాకపోతే మాత్రం ఆలోచించండి, ఎవాపరేటర్ (ఏసీలో గాలిని చల్లబరిచే భాగం) పోయిందంటే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి. ఆ పని చేసిన మెకానిక్‌లు దాని గురించి మర్యాదగా మాట్లాడరు.

ఎం5 గురించి నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు. మంచి ఎం5 గొప్ప బండి. మీరు చూసిన ఆ ఎం5 నాకు నచ్చలేదు. తొమ్మిదేళ్ల కాగితాలు లేకపోవడం ఇంజిన్ విషయంలోనే ప్రమాదం. మెర్సిడెస్ వీ8లో వాల్వ్ సందులు నూనె ఒత్తిడితో తమంతట తామే సర్దుకుంటాయి. ఎం5 ఇంజిన్‌లో అలా కాదు, కొంత దూరం తిరిగాక ప్రతిసారీ విప్పి, కొలిచి, పలచటి బిళ్లలు మార్చి చేత్తో సర్దాలి. తొమ్మిదేళ్లు ఆ పని జరిగిందో లేదో ఎవరికీ తెలియదు. 3.8కి డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (క్లచ్ పక్కన ఉండే రెండు ముక్కల బరువైన చక్రం) ఉంటుంది, క్లచ్ మార్చేటప్పుడు అదీ కలిసి వస్తే బిల్లు చూసి ఉలిక్కిపడతారు. ఎలక్ట్రానిక్ డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) ఉంటే వాటి సంగతి కూడా అంతే. కొందరు ఖర్చుకు భయపడి మామూలువి పెట్టేస్తారు, అప్పుడు బండి అసలు రూపం పోయినట్టే. ఇవన్నీ కాగితాల్లో తెలియాల్సిన విషయాలు.

ఇక ఆ కొత్త పెయింట్. ముప్పై ఏళ్ల బండికి అమ్మేముందు పూర్తి పెయింట్ ఎందుకు వేశారు? మంచి కారణాలూ ఉంటాయి. కానీ ఆ కారణం ఫోటోలతో సహా చూపించగలగాలి. పెయింట్‌కి ముందు తీసిన ఫోటోలు, తుప్పు కోసిన చోటు, వెల్డింగ్ చేసిన చోటు. అవి లేకపోతే పెయింట్ మందం కొలిచే పరికరంతో ప్రతి ప్యానెల్ కొలిపించండి. తలుపుల అడుగు, పెట్రోల్ మూత చుట్టూ, జాకీ చోట్లు, సన్‌రూఫ్ అంచులు, ఆ తరం బీఎండబ్ల్యూ (ఈ34)లో తుప్పు మొదలయ్యేవి అవే. ఛాసిస్ నంబర్ డబ్ల్యూబీఎస్‌తో మొదలవ్వాలి, మామూలు బీఎండబ్ల్యూలకు అలా ఉండదు. 500ఈకి అయితే డబ్ల్యూడీబీ 124036. మామూలు బండికి బంపర్లు, చక్రాలు తగిలించి ఎం5 అని అమ్మేవాళ్లు ఎప్పటి నుంచో ఉన్నారు. వెడల్పాటి ఫెండర్లు అతికించిన దొంగ 500ఈలు కూడా ఉన్నాయి.

డీలర్ దగ్గర కొనడంలో ఒక లాభం ఉంది, దాన్ని దాచను. జర్మనీలో వ్యాపారి మామూలు కొనుగోలుదారుకి పాత బండి అమ్మితే, అమ్మేనాటికే ఉన్న లోపాలకు కనీసం ఏడాది పాటు చట్టప్రకారం బాధ్యుడు. వ్యక్తి దగ్గర కొంటే ఆ బాధ్యత కాంట్రాక్టులో ఒక్క వాక్యంతో పోతుంది, మీ 500ఈ ఓనర్ తప్పకుండా ఆ వాక్యం రాస్తాడు. అయితే కొందరు డీలర్లు "ఇది మా కస్టమర్ తరఫున అమ్ముతున్నాం" అని కాగితంలో రాసి తప్పించుకుంటారు. ఎం5 ఒప్పందంలో అమ్మేవాడి పేరు ఎవరిదో చూడండి. డీలర్ పేరే ఉంటే ఆ బండి నాకు కొంచెం నచ్చడం మొదలవుతుంది.

మీ ఇంటి సంగతికి వస్తే, ముందు ఆ ఇన్వెస్ట్‌మెంట్ మాట తీసేయాలి. మీ ఆవిడ అడిగిన మూడు ప్రశ్నలూ ఏ బ్యాంకు మేనేజరైనా అడిగేవే. మీరు దాన్ని పెట్టుబడి అన్నారు, ఆవిడ పెట్టుబడి ప్రశ్నలే వేశారు. అందులో ఆవిడ తప్పేం లేదు. లెక్క చూద్దాం. ముప్పై ఏళ్లు నిండిన బండికి పాత బండ్ల హెచ్ నంబర్ ప్లేటు వస్తుంది, అసలు రూపంలో ఉంటేనే. అప్పుడు రోడ్ ట్యాక్స్ ఏడాదికి దాదాపు 192 యూరోలు, ఇంజిన్ ఎంత పెద్దదైనా అంతే. మార్చి నుంచి అక్టోబర్ దాకా సీజన్ ప్లేటుగా తీసుకుంటే ఇంకా తగ్గుతుంది, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు నుంచి బండీ బతుకుతుంది. క్లాసిక్ బండ్ల ఇన్సూరెన్స్ మామూలుదానికంటే చవక, కానీ చాలా పాలసీలు రోజూ వాడుకోవడానికి వేరే కారు ఉండాలని, తాళం వేసే గ్యారేజీ ఉండాలని, ఏటా ఇన్ని కిలోమీటర్లే తిప్పాలని షరతులు పెడతాయి. గ్యారేజీ అద్దె ఎంతో మీ ఊళ్లో మీకే తెలుసు. వీటికి తోడు ఏటా ఏదో ఒక రిపేరు. నా సలహా ఏమిటంటే 50 వేలలో 40 వేలకు మించి బండికి పెట్టకండి, మిగతాది మొదటి ఏడాది రిపేర్లకు పక్కన ఉంచండి. మీరు చూసిన రెండూ ఆ గీత దాటాయి. బేరం ఆడితే 500ఈ లోపలికి రావచ్చు, ఎం5 రావడం కష్టం.

బండి విలువ పెరగవచ్చు. కానీ పెరగాలంటే అది తక్కువ తిరగాలి, అసలు రూపం మారకూడదు, వానలో తీయకూడదు. మీకు కావాల్సింది నడపడం. పెట్టుబడిగా చూస్తే ఆదివారం తాళం చెవి తీసినప్పుడల్లా మనసులో లెక్కలే తిరుగుతాయి. ఇష్టంతో కొంటే లాభం రాకపోయినా మోసపోయినట్టు అనిపించదు. మీ ఆవిడతో "నాకు ఇష్టం, ఇంత డబ్బు పోవచ్చు, అది పోయినా ఈఎంఐ ఆగదు" అని మూడు విషయాలు రాసి చూపించండి. బండి ధర, ఏటా ఖర్చు, ఏ పరిస్థితిలో అమ్మేస్తారు. మూడోది చాలా ముఖ్యం. ఉద్యోగం పోయినా, ఇంటికి తిరిగి వచ్చేసినా అమ్ముతానని ముందే రాసిపెడితే ఆవిడ మొదటి ప్రశ్నకు జవాబు దొరికినట్టే. అప్పటికీ వద్దంటే అది వేరే సంభాషణ, దానికి నేను మధ్యలో రాలేను.

హైదరాబాద్ తీసుకురావడం గురించి రెండు మాటలు చాలు. మన దేశంలో పాత కార్ల దిగుమతి నిబంధన ప్రకారం బండి వయసు మూడేళ్లు మించకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. 500ఈ ఎడమ స్టీరింగ్‌తో తప్ప తయారే కాలేదు. ఎం5 కుడి స్టీరింగ్‌వి బ్రిటన్‌లో ఉన్నాయి కానీ వయసు అడ్డొస్తుంది. మరీ పురాతనమైన వాహనాలకు వేరే దారి ఉంది, ఈ బండ్లు ఆ వయసుకు చాలా దూరంలో ఉన్నాయి. కాబట్టి ఇది నాలుగేళ్ల బండి అనుకుని కొనండి. నాలుగేళ్ల తర్వాత అమ్మాలంటే కాగితాలు నిండుగా ఉన్న బండే త్వరగా పోతుంది. ఇది కూడా మీ ఎం5కి వ్యతిరేకంగా ఇంకో మాట.

తోడల్లుడు గారి సంగతి. ఆయన ప్రేమతోనే అన్నారనుకుందాం. కానీ ఒక బండి రెండు ఊళ్లలో, రెండు గ్యారేజీల్లో, ఇద్దరు డ్రైవర్లతో ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. మీ ఆర్నెల్లలో క్లచ్ పోతే ఎవరు కట్టాలి? వేసవి ఆర్నెల్లు ఎవరికి, చలికాలం ఆర్నెల్లు ఎవరికి? రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద? ఇన్సూరెన్స్‌లో ఇద్దరి పేర్లూ రాయాలి. మీరు తిరిగి ఇండియా వచ్చేస్తే మీ సగానికి ధర ఎవరు కడతారు? వీటిలో ఒక్కదానికి గొడవ వచ్చినా అది మీ ఇద్దరి మధ్య ఆగదు, అక్కాచెల్లెళ్ల మధ్యకు వెళ్తుంది. పండక్కి ఒకే ఇంట్లో కూర్చున్నప్పుడు ఆ క్లచ్ గుర్తొస్తూనే ఉంటుంది. ఆయనతో కలిసే కొనాలనుకుంటే పై ప్రశ్నలన్నిటికీ జవాబులు రాసి ఇద్దరూ సంతకం పెట్టండి, అది అవమానం కాదు. రాయడానికి ఆయన ఇబ్బంది పడితే మీకు జవాబు దొరికినట్టే. ఒక మధ్యేమార్గం కూడా ఉంది. బండి మీరొక్కరే కొనండి, ఏడాదికి రెండు వారాలు ఆయనకి తాళాలు ఇవ్వండి. ఆయన పేరు ఇన్సూరెన్స్‌లో రాయించండి. చాలామంది తోడల్లుళ్లకు అంతకు మించి అక్కర్లేదు.

మీరు అడగని దారి ఇంకొకటి ఉంది. 400ఈ అని ఒకటి ఉంది, 500ఈ వీ8కి తమ్ముడి లాంటి 4.2 లీటర్ల ఇంజిన్, 279 హార్స్‌పవర్. ఉబ్బిన ఫెండర్లు లేవు కాబట్టి ఎవరూ తిరిగి చూడరు, అందుకే ధర చాలా తక్కువ. బీఎండబ్ల్యూ వైపు 540ఐ, 4 లీటర్ల వీ8, 286 హార్స్‌పవర్, మాన్యువల్ గేర్‌బాక్స్‌తో కూడా దొరుకుతుంది. రెండూ ఆటోబాన్ మీద మీకు కావాల్సిన దానిలో ఎక్కువ భాగం ఇస్తాయి, మీ దగ్గర సగం డబ్బు మిగులుతుంది. విలువ పెరగడం తక్కువ, తలనొప్పీ తక్కువ. ఈ ఆలోచన ఎవరికి చెప్పినా మొహం చిట్లిస్తారు, పేరున్నదే కావాలంటారు. మీరూ చిట్లించి ఉంటారు. అయినా ఒక శనివారం వెళ్లి నడిపి చూడండి, ఖర్చు ఏమీ లేదు.

రెండింటిలో ఒకటే చెప్పమంటే, కాగితాలు నిండుగా ఉన్నాయి కాబట్టి 500ఈ వైపే నా మొగ్గు. వైరింగ్, ఫెండర్, రెండూ మీరు ఎంచుకున్న మెకానిక్ లిఫ్ట్ మీద చూసి, ధర 42 వేల దగ్గరికి దిగాలి. నలభై గీత కొంచెం దాటినా ఆ బండికి సరిపోతుందనుకుంటాను. అది కుదరకపోతే రెండూ వదిలేయండి, వేసవి చివర్లో మళ్లీ వెతకండి. చలికాలం ముందు గ్యారేజీ ఖాళీ చేసుకోవాలనుకునేవాళ్లు కొంచెం మెత్తబడతారు.

డీలర్ పెట్టిన ఆదివారం గడువు ఆయనది, మీది కాదు. ఆయనకి ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: పెయింట్‌కి ముందు ఫోటోలు, ఆ తొమ్మిదేళ్లలో టీయూవీ తనిఖీ (జర్మనీలో బండ్లకు తప్పనిసరి భద్రతా పరీక్ష) జరిగినట్టు ఏదైనా రిపోర్టు, బయటి మెకానిక్‌తో చూపించడానికి అనుమతి. వెళ్లే ముందు ఇంజిన్ స్టార్ట్ చేయవద్దని, చల్లగానే ఉంచమని కూడా చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. మీరు చేరేసరికి వేడిగా ఉంటే ఇంకేమీ అడగక్కర్లేదు, తిరిగి వచ్చేయండి.